శ్రీకాకుళంలోనే ఉండి బ్యాంకు, ఇన్సూరెన్స్ కేసుల్లో ప్రాక్టీసు పెంచుకోవడం ఎలా

ఈమధ్యే ఎన్‌రోల్ అయిన జూనియర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. బ్యాంకు కేసులు, ఇన్సూరెన్స్ కేసులు చెయ్యాలంటే విశాఖ మారిపోవాలా అని. అక్కర్లేదు. శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఉండి ఈ పని చక్కగా చేసుకోవచ్చు, ఎందుకంటే తగాదా పుట్టేది ఇక్కడే. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు, రాజాం జూట్ మిల్లులు, టెక్కలి గ్రానైట్, బొబ్బిలి గ్రోత్ సెంటర్లో యూనిట్లు, ఊరూరా ఉన్న రైస్ మిల్లులు, వీటిలో చాలావాటికి బ్యాంకు అప్పు ఉంటుంది, ఆ అప్పుకి సరుకు హామీ ఉంటుంది, ఆ సరుకు మీద పాలసీ ఉంటుంది. అందుకే ఈ రెండు రకాల కేసుల్నీ విడివిడిగా కాకుండా కలిపి నేర్చుకోమంటాను.

ముందు ఏ కేసు ఎక్కడ వెయ్యాలో తేల్చుకోవాలి. బ్యాంకుకి రావాల్సింది 20 లక్షలు, ఆపైన అయితే 1993 చట్టం కింద డీఆర్టీకి, అంటే బాకీల వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్తుంది, మనకి అది విశాఖలో ఉంది. దాని మీద అప్పీలు కలకత్తా డీఆర్ఏటీకి, అంటే దాని పై అప్పీలు ట్రిబ్యునల్‌కి. 20 లక్షల లోపు అయితే సివిల్ కోర్టు. వర్తకానికి సంబంధించిన వివాదమై విలువ 3 లక్షలకి తగ్గకపోతే 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం వర్తిస్తుంది (2018 సవరణకి ముందు ఇది కోటి రూపాయలు ఉండేది), అప్పుడు విశాఖలో ఉన్న కమర్షియల్ కోర్టు గురించి ఆలోచించాలి. అక్కడ అర్జెంటుగా మధ్యంతర ఉత్తర్వు అవసరం లేని దావాకి ముందు మీడియేషన్‌కి వెళ్లి తీరాలి, వెళ్లకపోతే దావా తిరస్కరిస్తారని సుప్రీంకోర్టు 2022లో ఖాయం చేసింది. ప్రతివాది తరఫున ఉంటే సమన్లు అందిన తేదీ నుంచి 120 రోజులు లెక్కపెట్టుకోండి, అది దాటితే రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి రాతపూర్వక జవాబు) వేసే హక్కే పోతుంది. మామూలు సివిల్ కోర్టులో అలవాటైనట్టు ఇంకో వాయిదా అడుగుదాంలే అనుకుంటే క్లయింటు నష్టపోతాడు.

ఇప్పుడు అసలు విద్య, అకౌంట్ స్టేట్‌మెంట్ చదవడం. చాలామంది లాయర్లు ఈ పని చెయ్యరు, చివర్లో బ్యాలెన్స్ చూసి పక్కన పెట్టేస్తారు. మీరు అలా చెయ్యకండి. ఒక పెన్సిలు తీసుకుని మొదటి పేజీ నుంచి చూడండి. అప్పు ఎప్పుడు ఇచ్చారు, వడ్డీ రేటు శాంక్షన్ లెటర్లో ఎంత ఉంది, ఖాతాలో ఎంత వేశారు, ఎన్‌పీఏ (మొండి బాకీ) అన్న తేదీకి నిజంగా 90 రోజుల బకాయి ఉందా, ఆ తర్వాత వేసిన ఇన్‌స్పెక్షన్ చార్జీలు, లాయర్ చార్జీలు ఎక్కణ్ణుంచి వచ్చాయి. అపరాధ వడ్డీ విషయంలో రిజర్వు బ్యాంకు 2023లో కొత్త నియమం పెట్టింది, దాన్ని వడ్డీలా అసలుకి కలపకూడదు, విడిగా చార్జీగానే వెయ్యాలి అని, 2024 ఏప్రిల్ నుంచి ఇచ్చిన అప్పులకి ఇది వర్తిస్తుంది. తర్వాత లిమిటేషన్, అంటే దావా వేసే గడువు చూడండి. మామూలు డబ్బు బాకీకి మూడేళ్లు, తనఖా మీద దావాకి పన్నెండేళ్లు. మధ్యలో రివైవల్ లెటర్ (బాకీ ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం) ఉంటే అది గడువు దాటకముందు రాసిందా, తేదీ ఎవరి చేతిరాత, అన్నీ కాగితం మీదే కనిపిస్తాయి. మీరు బ్యాంకు వైపు ఉంటే ఇదే పరీక్ష దావా వెయ్యక ముందు చేసుకోండి. స్టేట్‌మెంట్ కాపీకి 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ కావాలి, 2024 జూలై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా చూసుకోవాలి, దానిలో రెండో భాగం నిపుణుడు సంతకం పెట్టాల్సింది, మర్చిపోతుంటారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పాత కాగితాలన్నీ ఆంధ్రా బ్యాంకు పేరుతోనో, గ్రామీణ వికాస్ బ్యాంకు పేరుతోనో ఉంటాయి. మొదటిది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, రెండోది 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. దావాలో ఆ విలీనం సంగతి రాసి, గెజెట్ నోటిఫికేషన్ కాపీ ఫైల్లో పెట్టండి. జిల్లాల సంగతీ అంతే, 2022 ఏప్రిల్లో రాజాం విజయనగరం జిల్లాకి, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లాయి కాబట్టి పాత దస్తావేజులో జిల్లా పేరు చూసి మోసపోకండి.

ఇక సర్ఫేసీ, కోర్టుకి వెళ్లకుండానే బ్యాంకు హామీ ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకునే చట్టం. మిల్లు యజమాని కంగారుగా మీ దగ్గరికి వచ్చే సందర్భం సాధారణంగా ఇదే. 2002 చట్టం కింద బ్యాంకు 13(2) నోటీసు ఇస్తుంది, 60 రోజుల్లో కట్టమని. ఆ నోటీసుకి జవాబు రాయించడం మీ మొదటి పని, ఎందుకంటే మీ అభ్యంతరాలకి బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో బదులివ్వాలి, ఆ బదులులో వాళ్లు ఏం చెప్పారో, ఏం దాటేశారో తర్వాత డీఆర్టీలో మీకు పనికొస్తుంది. స్వాధీనం నోటీసు వచ్చాక 17వ సెక్షన్ కింద 45 రోజులే గడువు. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేద్దాం అని క్లయింటు బంధువులు సలహా ఇస్తారు, 34వ సెక్షన్ దాన్ని అడ్డుకుంటుంది, ఆ దావాకి తిరిగే నెలల్లో 45 రోజులూ అయిపోతాయి. వేలం నోటీసు పేపర్లో పడ్డాక మొత్తం కట్టేస్తాను అన్నా విడిపించుకునే హక్కు ఉండదు, 2016 సవరణ తర్వాత లెక్క అది, 2023లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కాబట్టి డబ్బు సర్దుకునే అవకాశం ఉన్న క్లయింటుకి ఈ మాట మొదటి రోజే చెప్పాలి, మెత్తగా కాదు, తేదీతో సహా.

ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఫైలైతే భూమి స్వభావం చూడండి. వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ వర్తించదు, సెక్షన్ 31(ఐ). కానీ అడంగల్లో జీడి తోట అని రాసి ఉంటే సరిపోదు, తనఖా పెట్టే నాటికి అక్కడ నిజంగా సాగు జరుగుతోందని రుజువు చెయ్యాల్సింది అప్పు తీసుకున్నవాళ్లేనని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అందుకని పాత ఫోటోలు, కాపు అమ్మిన చీటీలు, వన్‌బీ, అన్నీ ముందే పోగుచెయ్యండి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ భూమి అయితే వన్ ఆఫ్ సెవెంటీ (ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి పోకుండా ఆపే 1970 నాటి చట్టం) సంగతి కూడా ఉంది, వేలంలో గిరిజనేతరులు కొంటే అది నిలబడదు, బ్యాంకుకి టైటిల్ ఒపీనియన్ (ఆస్తి హక్కు మీద లాయరు అభిప్రాయం) రాసేటప్పుడు ఇది తప్పక చూడాలి.

కొత్తవాళ్లకి ఒక మంచి దారి చెప్తాను. 14వ సెక్షన్ కింద స్వాధీనానికి బ్యాంకు కలెక్టరు దగ్గరికో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ దగ్గరికో వెళ్తుంది, ఆ పనికి లాయర్లని కమిషనర్లుగా వెయ్యొచ్చని 2022లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అలాంటి కమిషన్ వస్తే వదులుకోకండి. పంచనామా, ఇన్వెంటరీ రాయడం, తాళం వెయ్యడం, అవతల ఏడుస్తున్న కుటుంబంతో మర్యాదగా మాట్లాడటం, ఇవన్నీ చూసినవాళ్లు డ్రాఫ్టింగ్ వేరేలా రాస్తారు.

ఇన్సూరెన్స్ వైపు వద్దాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను తర్వాత గోడౌన్ క్లెయిముల్లో వచ్చే గొడవ ఒక లెక్కతో చెప్తాను. గోడౌన్లో కోటి రూపాయల జీడిగింజలు ఉన్నాయి, పాలసీ 60 లక్షలకే తీసుకున్నారు, తడిసిన సరుకు 30 లక్షలు. యజమాని 30 అడుగుతాడు. కంపెనీ యావరేజ్ క్లాజు చూపించి 18 లక్షలే ఇస్తుంది, ఎందుకంటే సరుకులో నూటికి అరవైకే బీమా ఉంది. ఇక్కడితో ఆగదు. డ్రాయింగ్ పవర్ (సరుకు విలువని బట్టి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు పరిమితి) తగ్గకూడదని ఆయన బ్యాంకుకి ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్లో కోటీ ఇరవై లక్షలు అని రాసి ఉంటే, సర్వేయరు ఆ కాగితం పట్టుకుని లెక్క 15 లక్షలకి దించుతాడు, లేదా మొత్తం క్లెయిమే అబద్ధం అంటాడు. వచ్చిన డబ్బు కూడా ముందు బ్యాంకుకే పోతుంది, పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది కాబట్టి. అందుకే ఈ ఫైలు తీసుకున్న రోజే స్టాక్ స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు, కొనుగోలు బిల్లులు, గోడౌన్ రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడాలి, తేడా ఉంటే కంపెనీ కంటే ముందు మీకు తెలియాలి.

సర్వేయరు రిపోర్టుకి భయపడకండి, అదే చివరి మాట కాదని 2009 నుంచి తీర్పు ఉంది. క్లెయిము తిరస్కరించిన ఉత్తరాన్ని మాత్రం పదే పదే చదవండి. అందులో లేని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా ఎత్తుకోకూడదు, 2019లో ఇది మళ్లీ చెప్పారు. వ్యాపారి వినియోగదారుడు కాడు అని కంపెనీ వాదిస్తే, బీమా లాభం కోసం కాదు, నష్టం పూడ్చుకోవడం కోసం అని 2023 తీర్పు మీకు అండగా ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధి ఇప్పుడు చెల్లించిన సొమ్మును బట్టి, 50 లక్షల వరకు, అంటే పాలసీ విలువ కోటి అయినా ప్రీమియం లక్షల్లోనే ఉంటుంది కాబట్టి కేసు మన ఊళ్లోనే వెయ్యొచ్చు. గడువు రెండేళ్లు. జీవిత బీమాలో అయితే మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు, బీమా చట్టం 45వ సెక్షన్.

చెక్ బౌన్స్ కేసులు అందరూ చేస్తారు, నేను పొడిగించను. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు, అందాక 15 రోజులు ఆగడం, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు, ఈ మూడూ డైరీలో రాసుకోండి.

ప్యానెల్ (బ్యాంకు గానీ కంపెనీ గానీ తన కేసులిచ్చే లాయర్ల జాబితా) గురించి అడుగుతారు. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు దరఖాస్తులు పిలిచినప్పుడు కొన్నేళ్ల ప్రాక్టీసు అడుగుతాయి, ఫీజు షెడ్యూలు వాళ్లదే, బిల్లు ఆలస్యంగా వస్తుంది, దానికి తగ్గట్టు ఇంటి ఖర్చు సర్దుకోవాలి. టైటిల్ ఒపీనియన్‌కి ముప్పై ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు ఒరిజినల్స్‌తో చూసే రాయండి, జెరాక్సు చూసి ఎప్పుడూ రాయొద్దు. ఒపీనియన్ తప్పైనంత మాత్రాన కుట్ర కేసు నిలవదని సుప్రీంకోర్టు 2012లో అన్నా, బ్యాంకర్ల సంఘం కాషన్ లిస్టులో (జాగ్రత్తపడాల్సినవాళ్ల జాబితా) పేరు పడితే తుడుచుకోవడం కష్టం. ప్యానెల్లో ఉన్న బ్యాంకు మీద మేనమామ కేసైనా తీసుకోకండి, ఇంకో లాయరు దగ్గరికి పంపండి.

ఒక చిన్న మాట, చిన్న క్లెయిములతో వచ్చేవాళ్ల గురించి. 50 లక్షల లోపు వ్యక్తిగత బీమా ఫిర్యాదుని హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) ఫీజు లేకుండా వింటారు, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పథకంలో అయితే లాయరు ద్వారా ఫిర్యాదు తీసుకోనే తీసుకోరు. కోర్టులో కేసు వేశాక ఈ దారి మూసుకుపోతుంది కాబట్టి, వకాలతు మీద సంతకం తీసుకునే ముందే వాళ్లకి చెప్పండి, ముందు కంపెనీకో బ్యాంకుకో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నెల రోజులు చూడాలని, తర్వాత ఆ ఫారం ఎలా నింపాలో కూడా చూపించి పంపండి.