మునిసిపల్ గోల్ఫ్ కోర్సును బేరీజు వేయడం ఎలా?

కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వెళ్ళే మన బెజవాడ వాళ్ళు పసిఫికాలోని షార్ప్ పార్క్ గోల్ఫ్ కోర్సు ఒకసారి చూసి రండి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలక సంస్థది, ఎవరైనా డబ్బు కట్టి ఆడొచ్చు. 1932లో మొదలైంది. డిజైన్ చేసింది అలిస్టర్ మెకెంజీ, అమెరికాలో పేరుమోసిన అగస్టా నేషనల్ కోర్సు రూపకర్తల్లో ఒకడు. అయినా గడ్డి చూసి పెదవి విరిచేవాళ్ళున్నారు. గడ్డిదేముంది, బడ్జెట్ ఉంటే పచ్చగా ఉంటుంది.

నేను బందరు కాలవ మీద పనిచేసినవాణ్ణి, నా కన్ను ముందు నీటివాలు మీదకే పోతుంది. వాన పడ్డ మర్నాడు వెళ్ళి ఫెయిర్‌వేలో (బంతి కొట్టుకుంటూ వెళ్ళే పచ్చిక దారిలో) నీళ్ళెక్కడ నిలిచాయో చూడండి. తర్వాత గ్రీన్ (చివర్న బంతి పడే గుంట ఉండే నున్నటి పచ్చిక) మీద నిలబడి వెనక్కి, టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) వైపు తిరగండి. గ్రీన్ ఏ పక్కకు తెరుచుకుందో, బంకర్ (ఇసుక గుంట) దేనికి అడ్డమో అక్కడి నుంచే బాగా తెలుస్తుంది. బంకర్‌ను ఆనుకుని కొట్టే ధైర్యం చేసినవాడికి తర్వాతి షాట్ సులువైతే, గీసినవాడు బుర్ర పెట్టాడన్నమాట. ఎవరి బంతీ చేరని మూలన ఉంటే ఆ ఇసుక ఉత్త షోకే.

నాలాంటి ముసలాడు బంతిని నేల మీద దొర్లించి గ్రీన్ ఎక్కించగలడా? నేనైతే సగం మార్కులు దీనికే వేస్తాను. గ్రీన్ నుంచి తర్వాతి టీకి బండెక్కాల్సి వస్తే మాత్రం మొహమాటం లేకుండా కోత పెట్టండి.