పార్కింగ్ ఫోటోల పాఠం - 3: బండి వెళ్లిపోయిన చోటు

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుంది కదా, ఒకే పార్కింగ్‌కి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వెళ్లి ఒకే చోట నిలబడి మూడు ఫోటోలు తీయమన్నాను. ఇప్పుడు ఆ మూడూ ముందు పెట్టుకుని చూడండి. ఎక్కువగా బళ్ల వరసలే ఉంటాయి. తప్పేం లేదు, అందరం వాటితోనే మొదలుపెడతాం. కాకపోతే ఆ వరస చూపించి ఇది బెజవాడా, గుంటూరా అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే కార్లు ఎక్కడికెళ్లినా అవే కార్లు. ఊరు తెలిసేది వాటి మధ్యన, వాటి కింద, అవి వెళ్లిపోయాక నేల మీద. ఈ పాఠమంతా ఆ నేల గురించే.

ముందు దుర్గగుడి దగ్గరికి వెళ్దాం. కొత్త బండి కొని ఇంద్రకీలాద్రి కింద పూజ చేయించకుండా ఇంటికి తీసుకెళ్లేవాళ్లు మా ఊళ్లో తక్కువ. పసుపు, కుంకుమ, దండ, కొబ్బరికాయ, ఆఖర్న నాలుగు టైర్ల ముందు నాలుగు నిమ్మకాయలు. అందరూ తీసే ఫోటో దండ వేసిన బానెట్, పక్కన నవ్వుతూ కుటుంబం. ఆ ఫోటో వాళ్లది, వాళ్లని తీసుకోనివ్వండి. మీరు ఆగండి. బండి కదిలి వెళ్లాక నేల మీద నాలుగు నలిగిన నిమ్మకాయలు మిగులుతాయి, సరిగ్గా ఆ కారు కొలతకి. దగ్గరగా వంగి చూస్తే, ముందు రెండూ వెనక రెండింటికంటే ఎక్కువ నలిగి ఉంటాయి, ముందు టైరు తొక్కిన కాయ మీద నుంచే వెనక టైరు కూడా వెళ్తుంది కాబట్టి. వెనక కాయల తొక్క మీద టైరు గాడులు అచ్చు దిగి ఉంటాయి, కొత్త టైరు కదా, ఒక్కో గీత పదునుగా కనిపిస్తుంది. రసం పారిన మేర నేల నల్లబడి, దానికి కాస్త కుంకుమ అంటుకుని, పక్కన రెండు గింజలు. ఒక ఇంట్లో ఎన్నేళ్ల ఈఎంఐ మొదలైందో, ఎంత సంతోషం ఉందో ఆ నేల మీద ఉంది, కారు ఫోటోలో లేదు.

తీసే పద్ధతి చెప్తాను. పొద్దున ఎనిమిది లోపు వెళ్లండి, ఎండ ఏటవాలుగా పడితేనే ఆ గాడులు లేచి కనిపిస్తాయి, పన్నెండింటికి వెళితే అంతా చదునుగా పసుపు మచ్చలా వస్తుంది. రెండు ఫోటోలు కావాలి. ఒకటి ఫోన్‌ని నేలకి సమాంతరంగా, చేతులు తలకి పైకెత్తి పట్టుకుని, నాలుగు కాయలూ వచ్చేలా. అక్కడ మీ నీడ పడకుండా చూసుకోండి. రెండోది ఒక్క కాయే, జానెడు దూరం నుంచి. మరీ దగ్గరికెళ్తే మామూలు లెన్స్‌కి ఫోకస్ అందదు, కాస్త వెనక్కి జరిగి టూ ఎక్స్ జూమ్ పెట్టుకోండి. నిమ్మకాయ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, అప్పుడు వేలు కిందికి జరిపి వెలుతురు కొంచెం తగ్గించండి, లేకపోతే పసుపు రంగు తెల్లగా పాలిపోతుంది. ఇదంతా వెనక బండి వచ్చేలోపు చేయాలి, కాబట్టి ముందే ఒక ఖాళీ చోట నిమ్మకాయ పెట్టుకుని రెండుసార్లు చేసి చూసుకోండి.

నేల మీద మిగిలే రెండో గుర్తు వానలో. చినుకులు మొదలైనప్పుడు ఆగి ఉన్న కారు వెళ్లిపోతే దాని కింద నేల పొడిగా, కారు ఆకారంలో మిగిలిపోతుంది. జల్లు పెద్దదైతే నిమిషంలో చెరిగిపోతుంది, సన్నగా ఉంటే నాలుగైదు నిమిషాలు ఉంటుంది. ఇక్కడ మీరు నిలబడే ఎత్తే ముఖ్యం. మేడ మీద నుంచి కిందికి చూస్తే తడి నేల నల్లగా, పొడి చోటు తెల్లగా కనిపిస్తాయి. అదే కింద కూర్చుని ఏటవాలుగా చూస్తే తడి నేల ఆకాశాన్ని పట్టుకుని మెరుస్తుంది, పొడి చోటు ముదురుగా ఉండిపోతుంది. ఒకే చోటు, రెండు వ్యతిరేకమైన ఫోటోలు. నాకైతే మేడ మీద నుంచి తీసిందే ఇష్టం, అందులో ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిన మంచంలా ఉంటుంది.

ఇక మనుషులు. రైల్వే స్టేషన్ల దగ్గర టూవీలర్ పార్కింగ్‌ని మనవాళ్లు ఇప్పటికీ సైకిల్ స్టాండే అంటారు, లోపల సైకిళ్లు వెతికినా కనపడకపోయినా. అలాంటి ఒక స్టాండులో మొదటిసారి నేను అడక్కుండా ఫోన్ ఎత్తాను. అక్కడ చీటీలు రాసే పెద్దాయన వచ్చి లెన్స్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "ఏందండీ, కంప్లయింట్ పెట్టడానికా?" అన్నారు. నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆయన భయం న్యాయమైందే, ఆ చోటు ఆయన బతుకుతెరువు. మర్నాడు ఫోన్ జేబులోనే పెట్టుకుని వెళ్లి, బాబాయ్ గారూ, ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ రోజులు ఉండే బండి ఏది అని అడిగాను. అంతే, లోపలికి తీసుకెళ్లి చూపించారు. బయటి వరసలన్నీ రోజువారీ బళ్లు. లోపల గోడ వైపు ఉన్నవి శుక్రవారం బళ్లట, శుక్రవారం సాయంత్రం పెడితే మళ్లీ సోమవారం పొద్దునే తీసేది.

ఎవరివి అవి? 2014లో రాష్ట్రం రెండయింది, 2016లో సచివాలయం ఉద్యోగులు హైదరాబాదు నుంచి వెలగపూడికి వచ్చారు, వాళ్లకి వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. పిల్లల చదువులని కుటుంబాలు అక్కడే ఉండిపోయినవాళ్లు శుక్రవారం రైలెక్కేవారు. సీట్ల మీద రెండు రోజుల దుమ్ము. ఆ దుమ్ము వెనకున్న కథ నాకు ఆయన చెప్పకపోతే తెలిసేదే కాదు.

నంబర్ పలకలు కూడా చదవడం నేర్చుకోండి. ఏపీ 16 అంటే పాత కృష్ణా జిల్లా, ఏపీ 07 పాత గుంటూరు జిల్లా. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి కొత్త బండి ఏ జిల్లాదో పలక చెప్పదు. ఏపీ 09 స్కూటర్ కనిపిస్తే అది హైదరాబాదులో, విభజనకి ముందు రిజిస్టరైంది. తెలంగాణ బళ్లు 2014 నుంచి టీఎస్, 2024 నుంచి టీజీ. ఫోటోలో మొదటి అక్షరాలు, రెండు అంకెలు ఉంచి మిగతావి కచ్చితంగా చెరిపేయండి, ఆ బండి ఒకరిది.

ప్రయాణంలో కొత్త ఊళ్లో దిగినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది, ఇంతకు ముందు ఇక్కడేముండేది అని. ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్లో 2012లో మామూలు పార్కింగ్ నేలని తవ్వితే, 1485లో యుద్ధంలో చనిపోయిన రాజు మూడో రిచర్డ్ ఎముకలు దొరికాయి. అంతకు ముందు రోజు దాకా జనం రోజూ బండి పెట్టుకుని ఆఫీసుకి పోయిన చోటే అది. మీకు రాజు దొరక్కపోవచ్చు, ఒక సినిమా హాలో, చింతచెట్టో, పాత బావో దొరుకుతుంది. దొరికింది ఆ రాత్రే రాసిపెట్టుకోండి: చోటు, తేదీ, టైము, వాళ్లు అన్న మాట ఒక్కటి, వాళ్లు అన్నట్టే. రెండు రోజులాగితే ఆ మాట మన మాటలా మారిపోతుంది.

ఈ వారం పని. బండి లేని పార్కింగ్ ఫోటోలు ఐదు, ఒక్కో దానికి రెండు వాక్యాల రాత. అందులో కనీసం ఒకటి అక్కడ పనిచేసే మనిషిని అడిగి తెలుసుకున్నదై ఉండాలి, ఆ ఫోటో ఒకటి ప్రింట్ వేయించి వాళ్లకి ఇచ్చి రండి. గుంటూరు వాళ్లు సీజన్లో మిర్చి యార్డు దగ్గర లారీలు ఆగే చోటికి వెళ్లండి, నేలంతా ఎర్రటి పొడి ఉంటుంది, ముక్కుకి రుమాలు కట్టుకుని, ప్రతి ఫోటోకి ముందు లెన్స్ తుడుచుకోండి. వచ్చే పాఠం రాత్రి లైట్ల కింద.