కొత్త కొట్టుకు పద్దులు ఎలా పెట్టుకోవాలి?

పైపులు, మోటారు సామాన్లు, హార్డ్‌వేర్ అమ్మే కొట్టు పాలకొల్లులో పెట్టినా రావులపాలెంలో పెట్టినా, వచ్చేవాళ్లలో రైతులు ఎక్కువ. వాళ్ల చేతికి డబ్బు నెలనెలా రాదు. సార్వా (ఖరీఫ్ వరి) కోతలకోసారి, దాళ్వా (రబీ వరి) కోతలకోసారి వస్తుంది. పద్దులు కూడా ఆ పద్ధతికి సరిపోయేలా రాసుకోవాలి. సాయంత్రం గల్లా పెట్టె చూసి వ్యాపారం ఎలా ఉందో తేల్చేసేవాళ్లు ముందు దెబ్బతింటారు.

మొదటి పేజీ

కొట్టు తెరిచే రోజున చిట్టా (రోజువారీ రాకపోకలు రాసే పుస్తకం) మొదటి పేజీలో ఒకవైపు డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో, రెండోవైపు అది ఏ రూపంలో ఉందో రాయండి. ఉదాహరణకు సొంత డబ్బు 2,50,000, బంగారం తాకట్టు అప్పు 1,50,000, వెరసి 4,00,000 అనుకుందాం. రెండోవైపు కొట్టు అడ్వాన్సు 60,000, ర్యాకులూ కాటా 45,000, సరుకు 2,35,000, బ్యాంకులో 50,000, గల్లాలో 10,000. రెండు మొత్తాలూ కలవాలి. కలవలేదంటే ఏదో రాయడం మరిచారన్నమాట.

తప్పులు ఇక్కడే మొదలవుతాయి. అడ్వాన్సును ఖర్చులో రాసేస్తారు. కానీ అది తిరిగొచ్చే డబ్బు, నెల అద్దె మాత్రమే ఖర్చు. తాకట్టు అప్పును పెట్టుబడిలో కలిపేస్తారు. వడ్డీ కడితే ఖర్చు, అసలు కడితే అప్పు తగ్గింది, అంతే. బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నా 20,000 గానీ అంతకు మించి గానీ అయితే నగదుగా తీసుకోకండి. ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారానే రావాలి.

కొట్టు పేరు మీద కరెంట్ అకౌంట్ తెరిచి, యూపీఐ స్కానర్ దానికే కట్టించండి. ఇంట్లోవాళ్ల ఫోను స్కానర్ గోడకు అంటిస్తే ఆరు నెలలకు ఏది అమ్మకమో ఏది ఇంటి డబ్బో ఎవరూ చెప్పలేరు.

చిట్టా: రోజుకు పది నిమిషాలు

ఒక రోజు పద్దు ఇలా ఉంటుంది. పొద్దున నిల్వ 3,000. నగదు అమ్మకం 8,640. పాత బాకీ వసూలు 2,500. మొత్తం 14,140. పోయినవి: ఆటో బాడుగ 450, టీలు 120, ఇంటికి తీసుకున్నది 1,000, బ్యాంకులో వేసింది 5,000. వెరసి 6,570. సాయంత్రానికి గల్లాలో 7,570 ఉండాలి. లెక్కపెడితే 7,470 వచ్చిందనుకోండి, జేబులోంచి వంద వేసి సరిపెట్టకండి. ‘తేడా 100’ అని రాయండి. రోజూ తేడా వస్తుంటే కారణం ఎక్కడో ఉంది. టీ డబ్బులు రాయకపోవడమో, చిల్లర ఇవ్వడంలో పొరపాటో, వినాయక చవితి చందానో.

అదే రోజు యూపీఐలో 5,210 వచ్చింది, అరువు మీద 4,750 సరుకు వెళ్లింది. ఇవి గల్లా లెక్కలో కలవవు గానీ అమ్మకంలో కలుస్తాయి. ఆ రోజు అమ్మకం 8,640 + 5,210 + 4,750 = 18,600. పాత బాకీ 2,500 ఇందులో రాదు. సరుకు ఇచ్చిన రోజునే అది అమ్మకం అయిపోయింది. ఇంటికి తీసుకున్న 1,000 కొట్టు ఖర్చు కాదు, ‘సొంత వాడకం’ అనే వేరే పద్దు. వారానికోసారి, శనివారం రాత్రి అనుకోండి, యూపీఐ మొత్తాలను బ్యాంకు స్టేట్‌మెంటుతో టిక్కు పెట్టి సరిచూడండి.

అరువు ఖాతా

‘దాళ్వా అవ్వగానే ఇచ్చేస్తానండీ’ అన్న మాటను కాగితం మీద పెట్టడమే ఈ పుస్తకం పని. మనిషికో పేజీ. పేరు ఒక్కటే రాస్తే ఒకే ఊళ్లో నలుగురు సత్యనారాయణలు ఉంటారు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను రాయండి. సొంత చేనా, కౌలా అన్నది కూడా రాసుకోండి. కౌలు రైతు ముందు మక్తా (చేను యజమానికి ఇవ్వాల్సిన కౌలు) తీర్చాలి, మీ వంతు ఆ తర్వాతే. ప్రతి పద్దుకూ తేదీ, బిల్లు నంబరు, మొత్తం, ఎప్పుడిస్తానన్నారో, పక్కన సంతకం.

సంతకం అడగడానికి మొహమాటపడతారు. సరుకు డబ్బు కోసం కోర్టుకు వెళ్లడానికి గడువు మామూలుగా మూడేళ్లు. ఆ గడువులోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. అందుకని ఏడాదికోసారి బాకీ మొత్తం చూపించి సంతకం తీసుకోండి. నిజానికి కోర్టుదాకా వెళ్లేవాళ్లు తక్కువ. కానీ సంతకం ఉన్న పేజీ ముందు పెడితే ‘నేనంత తీసుకోలేదే’ అన్న మాట రాదు.

నెలాఖరున బాకీలను మూడుగా విడదీయండి: నెలలోపువి, ఈ పంట కోతలకు రావలసినవి, పోయిన పంటకే రావలసి రానివి. మూడో రకం వాళ్లకు పాతది కొంతైనా కట్టేదాకా కొత్త అరువు ఆపాల్సిందే. మొత్తం అరువు మీ సొంత పెట్టుబడిలో సగం దాటితే డీలరుకు కట్టడానికి మీరు అప్పు వెతుక్కోవాల్సి వస్తుంది.

జీఎస్టీ దగ్గర చిక్కు

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు (మొత్తం అమ్మకం) 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న కొట్లకు కాంపొజిషన్ పథకం ఉంది. కోటిన్నర లోపు టర్నోవరుకు అమ్మకం మీద 1 శాతం, మూడు నెలలకోసారి సీఎంపీ-08 అనే ఫారంలో, తర్వాతి నెల 18లోపు కట్టాలి. ఇందులో ఉన్నవాళ్లు కొన్నవాళ్ల దగ్గర పన్ను వసూలు చేయకూడదు, తాము కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు.

ధర వేసేటప్పుడు ఇది మరిచిపోతారు. పైపు ధర 300, దానిపై 18 శాతం అంటే 54. మీకు పడింది 354. 400కి అమ్మితే వంద మిగిలినట్టు కనిపిస్తుంది. మిగిలింది 46, అందులోంచి 400 మీద 1 శాతం, అంటే 4 పోను 42. బాడుగ, అద్దె, కుర్రాడి జీతం అందులోంచే.

పన్ను అమ్మకం మీద పడుతుంది, వసూలు మీద కాదు. జనవరి నుంచి మార్చి దాకా అరువు ఇచ్చిన సరుకుకు ఏప్రిల్ 18లోపు కట్టాలి. అప్పటికి దాళ్వా చాలాచోట్ల చేలల్లోనే ఉంటుంది. ఆ డబ్బు ముందుగానే పక్కన పెట్టుకోవాలి.

ఇంకొకటి, కోనసీమ, కాకినాడ వైపు వాళ్లు గుర్తుంచుకోవలసింది యానాం. చుట్టూ గోదావరి జిల్లాలే అయినా అది పుదుచ్చేరి. అక్కడి జీఎస్టీ నంబరు 34తో మొదలవుతుంది, మనది 37తో. సరుకు అక్కడికి పంపితే వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లు ఆ అమ్మకం చేయకూడదు.

బిల్లు నంబర్లు ఆర్థిక సంవత్సరానికి ఒకే వరుసలో, 16 అక్షరాలు మించకుండా ఉండాలి. పాడైన బిల్లును చింపేయకండి, ‘రద్దు’ అని రాసి పుస్తకంలోనే ఉంచండి. కొనుగోలు బిల్లులు థర్మల్ కాగితం మీద వస్తే మన ఉక్కకు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. వచ్చిన రోజే జిరాక్స్ తీసి ఫైలులో పెట్టండి, పుస్తకాలను కింది ర్యాకులో పెట్టకండి.

సరుకు లెక్క

ప్రతి నెలా ఒకటో తారీఖున ఎక్కువగా కదిలే పది వస్తువులు లెక్కపెట్టండి. పోయిన నెల నిల్వకు కొన్నది కలిపి, అమ్మింది తీసేస్తే ఎంత ఉండాలో వస్తుంది. పైపుల్లో తేడా ఎక్కువగా ముక్కల వల్లే. 20 అడుగుల లెంత్ కోసి 15 అడుగులు అమ్మితే మిగిలిన 5 అడుగులు ఏ మూలో పడి ఉంటాయి. వాటికి వేరే పేజీ పెట్టి, కోసిన రోజే అడుగుల్లో రాయండి. మొత్తం సరుకు మాత్రం మార్చి 31 రాత్రి కొట్టు మూసి లెక్కపెట్టాలి, కొన్న ధరకే వెల కట్టాలి.