వాన తోట దాటినా నీటిలో భాస్వరం తగ్గడం లేదా?

వాన తోట అంటే రోడ్ల మీంచీ కప్పుల మీంచీ పారే వాన నీటిని పట్టి, మట్టిలో వడకట్టే మొక్కల గుంట. ముందు ఒక పరీక్ష చేయించండి. తోటలోకి వచ్చే నీటినీ, అడుగు పైపులోంచి బయటికి పోయే నీటినీ ఒకే వానలో పట్టి, మొత్తం భాస్వరమెంత, అందులో కరిగినదెంత అని విడిగా కొలిపించండి. 0.45 మైక్రాన్ల వడపోత దాటిందే కరిగినదని లెక్క. ఈ అంకెలు లేకుండా మట్టి తవ్వడం డబ్బు దండగ.

సమస్య: వచ్చే నీటిలో కంటే పోయే నీటిలోనే కరిగిన భాస్వరం ఎక్కువ.

ఎక్కువసార్లు దోషం కంపోస్టుదే. మొక్కలు ఏపుగా పెరగాలని దండిగా కలిపేస్తారు. వాటికి అవసరమైనదానికన్నా చాలా ఎక్కువ భాస్వరం మట్టిలో చేరి, వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. పశువుల ఎరువుతో చేసినదైతే మరీను. తోట పచ్చగా ఉన్నంత మాత్రాన నీరు శుభ్రపడుతోందని కాదు.

ఎరువులు వెంటనే ఆపండి. మట్టిలో భాస్వరం ఎంతుందో పరీక్ష చేయించండి. మరీ ఎక్కువుంటే పై మట్టి మార్చక తప్పదు. కొత్తదానిలో ఆకుల కంపోస్టే, అదీ కొద్దిగా కలపండి. దాని కింద భాస్వరాన్ని పట్టే పొర వేయండి: పటికతో తాగునీటిని తేటపరిచే కేంద్రాల్లో మిగిలే బురద, లేదా బరువులో 5 నుంచి 8 శాతం ఇనుప రజను కలిపిన ఇసుక. ఈ పొర కంపోస్టుకు పైన ఉంటే ఉపయోగం లేదు.

సమస్య: ఇనుము వేశాక తగ్గింది, మళ్లీ పెరిగింది.

పొర నీళ్లలో నానుతోందేమో చూడండి. ఆక్సిజన్ అందకపోతే ఇనుము రూపం మారి, పట్టుకున్న భాస్వరాన్ని వదిలేస్తుంది. వానకూ వానకూ మధ్య ఆ పొర ఆరాలి. నైట్రేటు తగ్గించడానికి అడుగున నీరు నిలిపే డిజైన్ అయితే ఇనుప పొరను ఆ నీటిమట్టానికి పైన ఉంచండి, లేదా పటిక బురదకు మారండి. అల్యూమినియానికి ఈ బెడద లేదు. పొర నానడం లేదంటే దాని పట్టే శక్తి అయిపోయి ఉండొచ్చు.

సమస్య: కరిగినది తక్కువే, మొత్తం మాత్రం ఎక్కువ.

ఇది తేలిక. మట్టి కొట్టుకుపోతోంది. నీరు దూకే చోట రాళ్లు పరచి, నీరు తోటలోకి చేరే ముందు ఆగే గుంటలో పూడిక తీసి, బోడి నేలలో మొక్కలు నాటండి.

ఆకులు రాలే కాలంలోనే పెరుగుతుంటే తోటను తప్పుపట్టకండి. రోడ్డు మీద నానిన ఆకుల్లోంచి భాస్వరం నీటిలోకి దిగుతుంది. వానకు ముందే ఊడ్పించాలి. తోటలో కత్తిరించిన కొమ్మల్నీ రెమ్మల్నీ అక్కడే కప్పుగా పరచకుండా బయటికి తరలించండి.