పని ప్రమాద పరిహారంపై రాజీ ఒప్పందం: నమోదు, వసూలుకు దరఖాస్తు విధానం

పైడిభీమవరం పరిశ్రమల్లోగాని, టెక్కలి గ్రానైట్ క్వారీల్లోగాని, నెల్లిమర్ల జూట్ మిల్లులోగాని పనిలో గాయపడిన కార్మికుడికి, యజమానికి మధ్య పెద్దమనుషుల సమక్షంలో రాజీ కుదిరి, స్టాంపు కాగితంపై సంతకాలు పూర్తయినంత మాత్రాన ఆ కాగితం ఉద్యోగుల పరిహార చట్టం, 1923 కింద అమలు చేయదగినది కాదు. దానిని పరిహార కమిషనర్ (ఈ చట్టం కింద పరిహారం కేసులు చూసే అధికారి) తన రిజిస్టర్‌లో నమోదు చేయాలి. ఇక్కడ చెబుతున్నది ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రత స్మృతి, 2020 అమల్లోకి వచ్చిన 2025 నవంబర్ 21కి ముందు జరిగిన ప్రమాదాల గురించి. ఈఎస్ఐ వర్తించే కార్మికులకు ఈ మార్గం లేదు.

ఏకమొత్తం పరిహారంపై ఒప్పందం కుదిరితే, దాని మెమొరాండంను (ఒప్పందం వివరాల పత్రాన్ని) కమిషనర్‌కు పంపవలసిన బాధ్యత సెక్షన్ 28 ప్రకారం యజమానిదే. నిబంధనల్లోని కె, ఎల్, ఎం నమూనాల్లో సందర్భానికి తగినదాన్ని రెండు ప్రతులుగా సమర్పించాలి. ప్రమాదం తేదీ, గాయం స్వభావం, వయస్సు, నెల జీతం, ఒప్పుకున్న మొత్తం, అప్పటికే చెల్లించినది స్పష్టంగా రాసి, వైద్య ధ్రువపత్రాన్ని, జీతం ఆధారాలను జతచేయడం మంచిది. కమిషనర్ ఇరుపక్షాలకు నోటీసు ఇచ్చి, ఏడు రోజులు గడిచాకే నమోదు చేస్తారు. మొత్తం చాలదనిపించినా, మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నారని తేలినా నమోదును నిరాకరించవచ్చు. ఒప్పందాన్ని అమలుపరిచే ఉత్తర్వుపై అప్పీలు ఉండదు గనుక, అభ్యంతరం ఉంటే ఆ నోటీసు దశలోనే లిఖితపూర్వకంగా చెప్పాలి.

మొత్తం చాలుతుందో లేదో సంతకానికి ముందే లెక్క వేసుకోవాలి. ముప్పై ఏళ్లు నిండిన కార్మికుడు చేతి బొటనవేలు కోల్పోయాడనుకుందాం. చట్టంలోని షెడ్యూలు ప్రకారం సంపాదన శక్తి నష్టం 30 శాతం. నెల జీతం రూ.15,000 అయితే, అందులో 60 శాతమైన రూ.9,000ను ఆ వయస్సుకు చట్టం నిర్ణయించిన గుణకం 207.98తో హెచ్చవేసి, అందులో 30 శాతం తీస్తే రూ.5,61,546 వస్తుంది. లక్షన్నరకు రాజీ పడమని కాంట్రాక్టర్ తొందరపెడితే, ఆ తొందర ఎవరి మేలు కోసమో ఈ అంకెలే చెబుతాయి. చట్టబద్ధమైన పరిహారాన్ని వదులుకునేలా రాయించుకున్న ఏ ఒప్పందమూ ఆ మేరకు చెల్లదని సెక్షన్ 17 చెబుతోంది.

యజమాని మెమొరాండం పంపకపోతే నష్టపోయేది అతడే. సెక్షన్ 29 ప్రకారం అతడు పూర్తి పరిహారానికి బాధ్యుడవుతాడు. ఇచ్చిన మొత్తంలో సగానికి మించి, కమిషనర్ వేరుగా ఆదేశిస్తే తప్ప, మినహాయించుకోలేడు. పై ఉదాహరణలో లక్షన్నర ముట్టినా తగ్గేది రూ.75,000 మాత్రమే. అలాంటప్పుడు కార్మికుడు ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు పూర్తి పరిహారానికి సొంతంగా దరఖాస్తు చేసుకోవాలి. చెన్నైలోనో హైదరాబాదులోనో భవనం మీదినుంచి పడిన ఉద్దానం కూలీ అక్కడికి తిరగనవసరం లేదు, తాను నివసించే ప్రాంతపు కమిషనర్ వద్దే దరఖాస్తు వేయవచ్చు. ఏ అధికారి ఆ హోదాలో ఉన్నారో శ్రీకాకుళం, విజయనగరం కార్మిక శాఖ కార్యాలయాల్లో తెలుస్తుంది.

మరణం సంభవించిన కేసుల్లో డబ్బును కమిషనర్ వద్దే జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చినది, మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సు తప్ప, పరిహారం చెల్లింపుగా లెక్కకు రాదు.

నమోదైన ఒప్పందం ప్రకారం డబ్బు రాకపోతే, సెక్షన్ 31 కింద వసూలు కోరుతూ కమిషనర్‌కు అర్జీ పెట్టాలి. నమోదు వివరాలు, ముట్టిన మొత్తానికి రసీదులు, మిగిలిన బకాయి, యజమాని చిరునామాతోపాటు అతని స్థలాలు, యంత్రాలు, బ్యాంకు ఖాతాల గురించి తెలిసినంత రాయాలి. ఈ చివరి వివరాలు లేకనే చాలా అర్జీలు కదలకుండా ఉండిపోతాయి. పరిహారం చెల్లించవలసిన తేదీ నుంచి నెల దాటితే 12 శాతం సాధారణ వడ్డీని, తగిన కారణం లేని జాప్యమైతే బకాయిలో 50 శాతం వరకు జరిమానాను కూడా అదే అర్జీలో కోరవచ్చు. బకాయిని భూమిశిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు. యజమాని ఆస్తి వేరే జిల్లాలో ఉంటే, రెవెన్యూ రికవరీ చట్టం, 1890 కింద ఆ జిల్లా కలెక్టర్‌కు బకాయి వసూలు కోరే సర్టిఫికెట్ వెళుతుంది.