బూలియన్ సూత్రాలు బట్టీ పట్టకండి, రాబట్టండి

బైరాగిపట్టెడలో మా మిద్దె మీద సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. బూలియన్ బీజగణితం (తర్కాన్ని, సమితులను గుర్తులతో లెక్కించే గణితం) అనగానే పేజీ నిండా సూత్రాలు బట్టీ పడతారు, పరీక్షలో ఏది ఎక్కడ వాడాలో తెలీక టెన్షన్ పడతారు. ఆ పేజీ పక్కన పెట్టండి.

జార్జ్ బూల్ 1854లో రాసిన పుస్తకంలో '+' ఇప్పటి మన '+' కాదు. ఉమ్మడి సభ్యులు లేని సమితులనే ఆయన కలిపాడు. క + క = క అన్నది 1864లో తర్కవేత్త జెవన్స్ తెచ్చాడు. వీటన్నిటికీ చిన్న పునాది ఇచ్చింది 1904లో గణితవేత్త హంటింగ్టన్. నోట్సులో ఆయన స్వీకృతాలు (రుజువు లేకుండా ఒప్పుకునే మూల నియమాలు) మాత్రం రాసుకోండి; క′ అంటే 'క కానిది':

క + గ = గ + క, క·గ = గ·క
క·(గ + చ) = క·గ + క·చ, క + గ·చ = (క + గ)·(క + చ)
క + 0 = క, క·1 = క
క + క′ = 1, క·క′ = 0

రెండో వరుస విభాగ న్యాయాలది; అందులోని రెండో సూత్రం దగ్గరే అందరూ తడబడతారు. మామూలు అంకెల్లో అది చెల్లదు మరి: 2 + 3·4 అంటే 14, (2 + 3)·(2 + 4) అంటే 30. ఇక్కడ మాత్రం సగం పని అదే చేస్తుంది. చూడండి:

క + క = (క + క)·1
= (క + క)·(క + క′)
= క + క·క′
= క + 0 = క

ప్రతి మెట్టు పక్కన ఏ స్వీకృతం వాడారో రాయండి, ఇది తప్పనిసరి. తర్వాత +, · లను, 0, 1 లను తారుమారు చేస్తే క·క = క ఉచితంగా వస్తుంది. ఆపైన క + 1 = 1, క + క·గ = క, చివరికి డీ మోర్గాన్ సూత్రం, (క + గ)′ = క′·గ′. సాహచర్య న్యాయం, అంటే (క + గ) + చ = క + (గ + చ), కూడా వీటినుంచే వస్తుంది. కాస్త పొడుగు, కానీ ఒక్కసారైనా చేసి తీరాలి.

ఓపికున్నవాళ్ళకు ఇంకొకటి. 1933లో హంటింగ్టన్ ఇంకా చిన్న జాబితా ఇచ్చాక, వినిమయ (క + గ = గ + క), సాహచర్య న్యాయాలతో పాటు ((క + గ)′ + (క + గ′)′)′ = క ఒక్కటి చాలదా అని గణితవేత్త రాబిన్స్ అడిగాడు. తర్కశాస్త్ర దిగ్గజం టార్‌స్కీ అంతటివాడికీ తెగలేదు. 1996లో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో మెక్యూన్ రాసిన ప్రోగ్రామ్ చాలునని నిరూపించింది. ఆ సమీకరణం బూలియన్ బీజగణితంలో నిజమని చూపడం మాత్రం మీ పనే: డీ మోర్గాన్ వాడితే (క + గ)·(క + గ′) మిగులుతుంది, అక్కడ ఇందాకటి విభాగ న్యాయం పెట్టండి.