పెంకు తాగిన జిడ్డును రాబట్టడం ఎలా

తొలి రైతులు ఏం వండుకున్నారో తెలియాలంటే కుండకు అంటిన మాడు ఒక్కటే చూస్తే చాలదు. మెరుగు పూయని మట్టిలోకి ఇంకిన కొవ్వు వేల ఏళ్లు నిలుస్తుంది. రాబట్టాల్సింది దాన్నే.

సగం పని కుండపెంకును, అంటే పగిలిన కుండ ముక్కను, ఎంచుకోవడంలోనే ఉంది. నీళ్లు మరిగేటప్పుడు కొవ్వు పైకి తేలుతుంది కాబట్టి వంటకుండల్లో అంచు, మెడ దగ్గరి పెంకులే బాగా తాగి ఉంటాయి. అడుగు పెంకులు తరచూ నిరాశపరుస్తాయి. తీసిన పెంకును కడగొద్దు, ఉత్త చేత్తో పట్టుకోవద్దు, ప్లాస్టిక్ సంచిలో వేయొద్దు. అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, పోల్చి చూడటానికి పక్కనున్న మట్టినీ కొంచెం తీసిపెట్టండి. ప్లాస్టిక్ నుంచి దాన్ని మెత్తబరిచే థాలేట్లనే రసాయనాలు దిగుతాయి. కొలెస్ట్రాల్‌తో పాటు మన చర్మపు జిడ్డులో ఉండే స్క్వాలీన్ కూడా కనిపించిందంటే అది ప్రాచీన మాంసం కాకపోవచ్చు, నిన్న ముట్టుకున్న వేలిముద్రే కావచ్చు!

ఇక ల్యాబ్‌లో. చిన్న డ్రిల్‌తో పై పొర గీకేసి, సుమారు 2 గ్రాముల ముక్కను శుభ్రమైన కల్వంలో మెత్తగా నూరాలి. కొలతకు ఆధారంగా 34 కార్బన్ల ఆల్కేన్‌ను (ఒక హైడ్రోకార్బన్‌ను) తెలిసిన మోతాదులో కలపాలి. 2% సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉన్న మిథనాల్ 5 మిల్లీలీటర్లు పోసి, 70 డిగ్రీల వద్ద గంటసేపు, పది నిమిషాలకోసారి కదుపుతూ ఉంచి, కొవ్వును హెక్సేన్‌లోకి లాగాలి. ఇదంతా ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే. బయటి మలినం ఏదైనా చేరిందేమో తెలియడానికి ప్రతి విడతలో పెంకు పొడి లేని ఖాళీ గొట్టం ఒకటి నడపాలి. ఈ పద్ధతిలో దిగుబడి ఎక్కువే గానీ తేనెమైనంలోని ఎస్టర్లనే అణువులు విరిగిపోతాయి. మైనం అనుమానముంటే క్లోరోఫాం, మిథనాల్ 2:1 మిశ్రమమే మేలు.

గ్రాము పెంకుకు 5 మైక్రోగ్రాముల కన్నా తక్కువ వస్తే అర్థం చెప్పబోకండి.

తర్వాత కొవ్వు ఆమ్లాల్లో కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) కొలత. స్టియరిక్ ఆమ్లం విలువ నుంచి పామిటిక్ ఆమ్లం విలువ తీసేయండి. తేడా వెయ్యికి −3.1 కన్నా కిందికి పోతే పాలకొవ్వు. అక్కడి నుంచి సుమారు −1 దాకా నెమరువేసే పశువుల మాంసపు కొవ్వు. ఆపైన పంది వంటివి. మిథనాల్ తెచ్చిపెట్టిన కార్బన్‌ను ముందే సరిదిద్దకపోతే ఈ అంకెలు తప్పుతాయి. ఒకే కుండలో పాలూ పందికొవ్వూ పడితే తేడా మధ్యకొచ్చి గొడ్డుమాంసంలా కనిపిస్తుంది. ధాన్యం సంగతి మరీ కష్టం: దానిలో కొవ్వే తక్కువ, ఉన్నదీ జంతువుల కొవ్వు కింద మునిగిపోతుంది. జాడ లేదని గంజి కాచలేదనుకోవద్దు.

అందుకే కుండ ఆకారాన్నీ పక్కన పెట్టుకుని చదవాలి. పోలండ్‌లోని కుయావియాలో దొరికిన, దాదాపు 7 వేల ఏళ్ల నాటి చిల్లుల పెంకుల్లో పాలకొవ్వు బయటపడింది. చిల్లులూ పాలూ కలిశాకే అవి జున్ను (చీజ్) వడకట్టిన పాత్రలని 2013లో తేలింది.